పై అంతస్తుకు ముందు కింది తూము

డాబా మీద పిల్లర్ల కొసన వదిలేసిన రాడ్లు చూస్తే చాలు, ఆ ఇంటాయన మనసులో ఏముందో తెలిసిపోతుంది. హైదరాబాదులో వనస్థలిపురం, కూకట్‌పల్లి, ఉప్పల్ లాంటి చోట్ల 150, 200 గజాల్లో ముప్పై ఏళ్ళ కిందట కట్టిన ఇళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి. కింద రెండు పోర్షన్లు, పైన రెండు పోర్షన్లు, వాటి మీద తుప్పు పట్టిన రాడ్లు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మొదట వచ్చే ఆలోచన, ఇంకో అంతస్తు వేసేద్దాం, ఇంకో రెండు అద్దెలు వస్తాయి అని.

నేను ఈ ఆలోచనకు పూర్తిగా వ్యతిరేకిని కాను. కానీ చాలామంది పనిని తలకిందులుగా మొదలుపెడతారు. అద్దెకిచ్చే ఇంట్లో మనం అమ్ముతున్నది గదులని అనుకుంటాం. అద్దెకు దిగేవాళ్ళు వచ్చి చూసేది మాత్రం బాత్రూం లోపలుందా బయటుందా, నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి, కరెంటు మీటరు వేరేనా, బండి ఎక్కడ పెట్టాలి అని. ఈ నాలుగింటికీ జవాబు లేని ఇంటి మీద అంతస్తు వేస్తే పాత నాలుగు పోర్షన్ల ఇబ్బంది ఆరు పోర్షన్లకు పంచిపెట్టినట్టే. కాబట్టి నా వాదన ఇది: ముందు ఉన్న పోర్షన్లను ఒక్కొక్కటీ తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేయండి. అంతస్తు సంగతి ఆ తర్వాత.

డబ్బు లెక్కతోనే మొదలుపెడదాం. అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ వీధి రేట్లు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి. పైన 1,100 చదరపు అడుగుల అంతస్తు, అడుగుకు 2,000 రూపాయల చొప్పున 22 లక్షలు. రెండు పోర్షన్లు, ఒక్కోటి 11,000 అద్దె. ఏడాదికి 2,64,000. ఒక నెల ఖాళీ, ఇంటి పన్ను, చిల్లర మరమ్మతులు తీసేస్తే 2,30,000 మిగులుతుంది. అదే 22 లక్షలు 9 శాతం వడ్డీకి తెస్తే వడ్డీయే 1,98,000. అసలు కట్టడానికి ఏడాదికి మిగిలేది 32,000. మరోవైపు, పాత నాలుగు పోర్షన్లకు తలా లక్షన్నర పెట్టి బాత్రూం, వైరింగు, మీటరు, వంటగట్టు సరిచేస్తే ఆరు లక్షలు. ఒక్కోదానికి నెలకు 2,500 పెరిగినా ఏడాదికి 1,20,000. ఐదేళ్ళలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది. పైగా ఖాళీ నెలలు తగ్గుతాయి. ఇది ఎవరూ లెక్కలో వేసుకోరు. ఏటా రెండు నెలలు ఖాళీగా ఉండే పోర్షన్ ఆరింట ఒక వంతు ఆదాయాన్ని మింగేస్తుంది.

"అద్దె సరే, ఇంటి విలువ పెరుగుతుందిగా" అంటారు. ఇక్కడే పెద్ద పొరపాటు. మన దగ్గర పాత ఇండిపెండెంట్ ఇల్లు అమ్మకానికి పెడితే కొనేవాడు గజం రేటే అడుగుతాడు. కట్టడం పాతదైతే దానికి ఇచ్చేది నామమాత్రం. డెవలప్‌మెంటుకు తీసుకునే బిల్డరైతే కూల్చే ఖర్చు కూడా లెక్కేస్తాడు. ఐదారేళ్ళలో ఇల్లు బిల్డరుకు ఇచ్చే ఉద్దేశం ఉంటే, ఇప్పుడు వేసే 22 లక్షల అంతస్తు జేసీబీ కోసం కడుతున్నట్టే. కాగితాలు సరిగ్గా ఉన్న, అనుమతితో కట్టిన అంతస్తుకు మాత్రమే అమ్మకంలో కాస్త విలువ వస్తుంది, ఎందుకంటే కొనేవాడికి బ్యాంకు లోను రావాలి.

ముందు బాత్రూం

పాత పోర్షన్లలో ఎక్కువ డబ్బు రాబట్టేదీ, ఎక్కువగా చెడేదీ ఇదే. కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

పై అంతస్తులోని పోర్షన్‌కు అటాచ్డ్ బాత్రూం లేదు, పడగ్గదిలో ఒక మూల 6 అడుగులకు 4 అడుగులు వేరుచేసి పెట్టాలి అనుకుందాం. పాత స్లాబు కాబట్టి అక్కడ గుంత లేదు, అంటే సంకెన్ స్లాబు కాదు. మేస్త్రీ చెప్పే మొదటి ఉపాయం నేలను తొమ్మిది అంగుళాలు ఎత్తు చేసేద్దాం, పైపులన్నీ అందులో పోతాయి అని. నాలుగంగుళాల పైపు, దానికి 40 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు, కింద పరుపు, పైన టైలు, అన్నీ కలిపితే నిజంగానే తొమ్మిది అంగుళాలు అవుతుంది. ఆ తొమ్మిది అంగుళాలను నింపేది మాత్రం పగలగొట్టిన గోడ ఇటుక ముక్కలతో. ఇటుక చెత్త చదరపు మీటరుకు 400 కిలోల దాకా తూగుతుంది. ఇళ్ళ స్లాబును డిజైన్ చేసేటప్పుడు మనుషులకూ సామానుకూ కలిపి లెక్కేసేదే 200 కిలోలు. పైగా ఇటుక ముక్క స్పాంజిలా నీళ్ళు పీల్చుకుంటుంది. మూడేళ్ళకు కింది పోర్షన్ కప్పు మీద పసుపు మచ్చ వచ్చేది అందుకే. పైన టైల్సు ఎన్నిసార్లు మార్చినా మచ్చ పోదు, నీళ్ళు నిలవున్నది టైల్సు కింద కాదు, ఆ ఇటుక పొరలో.

దీనికి తేలిక మార్గం ఉంది. కమోడ్‌ను బయటి గోడకు ఆనించి పెట్టండి, ఎస్ ట్రాప్ కాకుండా పి ట్రాప్ కమోడ్ కొనండి. ట్రాప్ అంటే మోరీ వాసన రాకుండా నీళ్ళు నిలిచే వంపు. ఎస్ ట్రాప్ గొట్టం నేలలోకి దిగుతుంది. పి ట్రాప్ గొట్టం వెనక్కి వస్తుంది, నేల నుంచి సుమారు ఏడు అంగుళాల ఎత్తులో గోడలోంచి నేరుగా బయటి నిలువు పైపులోకి పోతుంది. అప్పుడు నేల ఎత్తాల్సింది స్నానం నీళ్ళు పోయే నహానీ ట్రాప్ కోసమే, ఐదంగుళాలతో అయిపోతుంది. దుకాణంలో కమోడ్ కొనేటప్పుడే ఈ మాట అడగాలి, ప్లంబర్ వచ్చాక కాదు. రంగు చూసి ఎస్ ట్రాప్ తెచ్చేసి, ఇంక వేరే దారి లేక నేలను ఎత్తుకున్న ఇళ్ళకు లెక్కలేదు.

ఆ ఐదంగుళాలు కూడా ఇటుక ముక్కలతో నింపొద్దు. తేలిక బ్లాకుల ముక్కలు, లేదా దొరికితే బొగ్గు చిట్టెం వేయండి. అంతకుముందు స్లాబును శుభ్రంగా చిప్పింగ్ చేసి, అంటే పైపొరను గరుకుగా చెక్కి, గోడా నేలా కలిసే మూలలన్నీ సిమెంటు మాలుతో గుండ్రంగా తిప్పాలి. తొంభై డిగ్రీల మూలలో వాటర్‌ప్రూఫ్ పూత ఎండేటప్పుడు సన్నగా చీలుతుంది, లీకు సగం అక్కడే పుడుతుంది. పూత రెండు కోట్లు, మొదటిది అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. గోడల మీదికి ఒక అడుగు, షవర్ ఉన్న వైపు ఆరడుగులు. పైపు గోడలోంచి వెళ్ళే రంధ్రం చుట్టూ కుంచించుకుపోని గ్రౌటు పెట్టాలి. మామూలు మాలు ఎండి వెనక్కి లాగుతుంది, వెంట్రుకంత సందు మిగులుతుంది, నీళ్ళకు అది చాలు.

తర్వాత రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి 48 గంటలు వదిలేయండి. మేస్త్రీకి ఇది టైము వేస్టు. వినకండి. కింది పోర్షన్ కప్పు రెండు రోజుల తర్వాత కూడా పొడిగా ఉంటేనే పైపులు, నింపుడు, దాని మీద వాలుతో గచ్చు, గచ్చు మీద మళ్ళీ ఒక పూత, ఆ పైన టైలు. ఇంకో చిన్న సంగతి. నింపుడు అడుగున, అన్నిటికన్నా పల్లపు మూలలో ఒక అంగుళం పైపు ముక్క గోడలోంచి బయటికి వదలండి. ఎప్పుడైనా అందులోంచి చుక్కలు పడితే టైల్సు కింద నీళ్ళు చేరాయని ముందే తెలుస్తుంది, కింద కప్పు పాడవకముందే. యాభై రూపాయల పైపు ముక్క, మొత్తం బాత్రూంకు కాపలా కాస్తుంది.

బాత్రూం తలుపుకు చెక్క చౌకట్టు పెడితే అడుగున మూడేళ్ళలో కుళ్ళుతుంది. గ్రానైటు చౌకట్టు, ప్లాస్టిక్ తలుపు. నచ్చకపోయినా అదే మేలు. వెంటిలేటరు తప్పనిసరి, ఫ్యానొకటి పెడితే ఇంకా మంచిది.

కమోడ్ నీళ్ళు దిగే బయటి నిలువు పైపు పైకొస విషయంలోనూ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పైపును కమోడ్ దగ్గరే ఆపేసి మూత బిగించేస్తారు. పై పోర్షన్‌లో ఫ్లష్ చేసినప్పుడు నీళ్ళు దిగుతూ వెనకాల గాలిని లాగుతాయి. గాలి పైనుంచి దొరక్కపోతే కింది పోర్షన్ ట్రాపులో నిలిచిన నీళ్ళను లాగేస్తుంది. ఆ రెండంగుళాల నీటి అడ్డు పోగానే మోరీ వాసన ఇంట్లోకి వస్తుంది. కిరాయిదారు ఫినాయిల్ పోస్తాడు, ఓనరు ట్రాపు మారుస్తాడు, వాసన మాత్రం అలాగే ఉంటుంది. కావలసింది నిలువు పైపును డాబా పిట్టగోడ దాటించి పైకి తెరిచి ఉంచడం, దోమలు పోకుండా జాలీ మూత పెట్టడం. అంతే.

తూము, సంపు, ట్యాంకు

ఇంటి నుంచి రోడ్డు మీది మ్యాన్‌హోల్ దాకా పోయే పైపు ఎంతది, ఎప్పటిది? పాత ఇళ్ళలో నాలుగంగుళాల పింగాణీ గొట్టాలుంటాయి, అతుకుల్లో చెట్ల వేళ్ళు దూరి ఉంటాయి. నాలుగు కుటుంబాలకే ఏడాదికి రెండుసార్లు వెదురుబద్ద పెట్టి పొడిచే ఇల్లైతే, ఆరు కుటుంబాలకు ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. పైకి ఒక్క ఇటుక ఎక్కించక ముందే ఆరంగుళాల పైపు వేయండి. ప్రతి మలుపు దగ్గరా, తిన్నగా ఉన్న చోట 15, 20 అడుగులకొకటీ ఛాంబరు కట్టండి. ఛాంబరు అడుగు చదునుగా వదిలేస్తే మలం నిలిచిపోతుంది. పైపు ఆకారంలోనే సగం గొట్టంలా కాలవ తీసి నున్నగా చేయాలి. వంటింటి నీళ్ళకు నూనె జిడ్డు ఆగే చిన్న ఛాంబరు వేరే ఉండాలి, దాన్ని నెలకోసారి తీసి శుభ్రం చేయాలని కిరాయిదార్లకు చెప్పి ఉంచాలి.

నీళ్ళ లెక్క. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది నగరాలకు వాడే కొలత. ఆరు పోర్షన్లు, నలుగురేసి మనుషులు, 3,240 లీటర్లు. హైదరాబాదులో చాలా వీధులకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి కనీసం రెండు రోజుల నిలవ కావాలి, అంటే దాదాపు 6,500 లీటర్లు. పాత ఇంటి సంపు 6 అడుగుల పొడవు, 5 వెడల్పు, 5 లోతు ఉందనుకుందాం. 150 ఘనపుటడుగులు, అడుగుకు 28.3 లీటర్ల చొప్పున 4,245 లీటర్లు. పైన అర అడుగు వదిలేస్తే 3,800 మాత్రమే. ఇందులో 5,000 లీటర్ల ట్యాంకరు ఒకేసారి దింపడం కూడా కుదరదు. మిగతాది మళ్ళీ తీసుకుపోయినా పూర్తి డబ్బు కట్టాల్సిందే. కాబట్టి రెండో సంపు కావాలి. పార్కింగు కింద తవ్వితే పైకప్పు స్లాబు కారు బరువుకు తగ్గట్టు ఉండాలి. ఈశాన్యంలో ఉండాలని మీరు అనుకోకపోయినా అద్దెకు వచ్చేవాళ్ళు అడుగుతారు. వాస్తును నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, కానీ ఈశాన్యంలో బాత్రూం ఉన్న పోర్షన్‌కు టు-లెట్ బోర్డు ఎక్కువ రోజులు వేలాడుతుందన్నది వ్యాపారం మాట.

డాబా మీద అందరికీ కలిపి ఒకటే ట్యాంకు పెట్టొద్దు. పోర్షన్‌కొకటి చొప్పున 500 లీటర్లవి పెట్టండి. ఒకింట్లో నల్లా కట్టడం మర్చిపోతే వాళ్ళ నీళ్ళే అయిపోతాయి, మీకు పంచాయతీ తప్పుతుంది. 2,000 లీటర్ల ట్యాంకు నిండితే రెండు టన్నులు. దాన్ని స్లాబు నడిమధ్య పెట్టే తెలివితక్కువ పని ఇప్పటికీ జరుగుతోంది. బీముల మీద, వీలైతే పిల్లర్ల తల మీదే కూర్చోబెట్టాలి.

మీటరు లెక్క

ఒక్క మీటరు మీద రెండు పోర్షన్లు నడిపి, సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే ఓనర్లున్నారు. లాభం అనుకుంటారు. లెక్క చూడండి. ఒక్కో ఇల్లు నెలకు 150 యూనిట్లు వాడుతుంది. రెండూ ఒకే మీటరు మీద ఉంటే 300. తెలంగాణ గృహ టారిఫులో 200 దాటిన బిల్లుకు మొదటి 200 యూనిట్లు 5.10 రూపాయల చొప్పున 1,020, తర్వాతి 100 యూనిట్లు 7.70 చొప్పున 770. మొత్తం 1,790. అదే వేరు వేరు మీటర్లయితే ఒక్కో ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున 340, మిగతా 50 యూనిట్లు 4.80 చొప్పున 240, వెరసి 580. రెండిళ్ళకూ 1,160. ఫిక్స్‌డ్ చార్జీలు కాకుండా నెలకు 630 రూపాయల తేడా. దానికి తోడు 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, అద్దెకున్న వాళ్ళకూ వర్తిస్తుంది. ఉమ్మడి మీటరైతే 300 యూనిట్లు చూపించి ఆ అవకాశం పోతుంది. విడి మీటరున్న పోర్షన్‌కు అద్దె ఐదొందలు ఎక్కువ చెప్పినా కిరాయిదారు లెక్క వేసుకుని ఒప్పుకుంటాడు.

మీటరు మార్చేటప్పుడే లోపలి వైరింగూ చూడాలి. పాత ఇళ్ళలో అల్యూమినియం తీగలు ఇంకా ఉన్నాయి, గీజరు పెడితే వేడెక్కుతాయి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఒక్కో ఏసీకి, గీజరుకు విడివిడి లైను. ప్రతి పోర్షన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే పెట్టె, పెట్టండి. పెట్టగానే అది మాటిమాటికీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ "ఇది చెడ్డది, తీసేద్దాం" అంటాడు. చాలాసార్లు తప్పు దానిది కాదు, రెండు పోర్షన్ల న్యూట్రల్ తీగలు గోడలో ఎక్కడో కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయించాలి తప్ప ప్రాణం కాపాడే పెట్టెను పీకేయకూడదు. ఇన్వర్టరుకు లైను ఇప్పుడే లాగించండి. లప్పం పెట్టి రంగులేశాక గోడలు కోయడం ఏడుపు.

రంగులు, ఫాల్స్ సీలింగు, గోడ మీద రాతి డిజైన్లు, వీటి మీద నాకు చెప్పడానికేమీ లేదు. అద్దె ఇంట్లో అవి ఖర్చు. తెల్ల రంగు, గట్టి టైలు, దోమల జాలీ, వాషింగ్ మెషీనుకు ఒక నల్లా, ఒక మోరీ రంధ్రం. అంతే చాలు.

ఇప్పుడు అంతస్తు

ఇవన్నీ అయ్యాక కూడా పైన వేయాలనే ఉంటే, మొదట టేపు తీసుకుని ఇంటి ఎత్తు కొలవండి. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం కింద 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధృవీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. 10 మీటర్లంటే 32 అడుగుల 9 అంగుళాలు. పాత ఇంటి బేస్‌మట్టం రెండున్నర అడుగులు, గాలి రావాలని ఒక్కో అంతస్తు పదకొండు అడుగులు వేసి ఉంటే అప్పటికే ఇరవై నాలుగున్నర. మిగిలింది ఎనిమిది అడుగుల మూడు అంగుళాలు. నివాస గదికి కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు, దాని మీద స్లాబు మందం. పట్టదు. ఈ లెక్క ఇంజినీరు దగ్గరికి పోకముందే మీరు ఇంట్లో వేసుకోగలరు. పాత ప్లాను కాగితం కూడా వెతకండి. కింద ఖాళీ వదలాల్సిన చోట మెట్లు, వరండా కట్టేసి ఉంటే పై అంతస్తు దరఖాస్తు అక్కడే తట్టుకుంటుంది. అనుమతి లేకుండా లేపేస్తే జీహెచ్‌ఎంసీలో ఆ అంతస్తుకు ఏటేటా ఇంటి పన్నుతో సమానంగా జరిమానా పడుతుంది, బ్యాంకు దాన్ని విలువ కట్టదు. అలాంటప్పుడు 22 లక్షల లెక్క ముందే కుప్పకూలింది.

తర్వాత పునాది. పిల్లర్ ఎంత లావుందో అందరూ చూస్తారు, దాని కింద నేలలో ఉన్న ఫుటింగు, అంటే పునాది దిమ్మె, ఎంతుందో చూడరు. ఇంటి నడిమధ్య పిల్లర్ పక్కన గొయ్యి తవ్వి కొలవాలి, మూల పిల్లర్ పక్కన కాదు. 12 అడుగుల దూరంలో పిల్లర్లుంటే మూల పిల్లర్ మోసేది 36 చదరపు అడుగుల స్లాబు, మధ్య పిల్లర్ మోసేది 144. నాలుగింతలు. నడి ఇంట్లో గచ్చు పగలగొట్టడం ఇష్టంలేక మేస్త్రీ మూలలో తవ్వి "బ్రహ్మాండంగా ఉంది" అంటాడు.

మోటు లెక్క ఒకటి వేద్దాం. 144 చదరపు అడుగులు 13.4 చదరపు మీటర్లు. అంతస్తుకు చదరపు మీటరుకు 1.2 టన్నులు అనుకుంటే ఒక్కో అంతస్తు 16 టన్నులు. ఫుటింగు 4 అడుగులకు 4 అడుగులు, అంటే 1.49 చదరపు మీటర్లు. రెండంతస్తులకు నేల మీద ఒత్తిడి చదరపు మీటరుకు 21.5 టన్నులు. మూడంతస్తులకు 32. నేల 25 టన్నులు మోసే మొరం అయితే రెండంతస్తులకు హాయిగా సరిపోయిన అదే ఫుటింగు మూడో దానికి చాలదు. ఐదడుగుల ఫుటింగైతే 21 దగ్గర ఆగేది. కిందనంతా బండరాయి అయితే బెంగ లేదు, నల్లరేగడి అయితే ఆలోచనే మానుకోండి. ఇది స్థూలమైన లెక్కే, సంతకం పెట్టాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు. కాంక్రీటు బలం తెలియడానికి ఆయన సుత్తి పరీక్ష, అవసరమైతే కోర్, అంటే కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క, తీసి పరీక్ష చేయిస్తాడు. ఆ ఫీజు దగ్గర బేరాలు వద్దు.

బరువు తగ్గించే దారి గోడల్లో ఉంది. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ పదడుగుల ఎత్తుకు మీటరు పొడవున 1,300 కిలోలు తూగుతుంది. ఎనిమిదంగుళాల తేలిక బ్లాకు గోడ నాలుగువందల చిల్లర. ఈ బ్లాకు గోడల్లో మేకు గట్టిగా నిలవదన్న ఫిర్యాదు ఉంటుంది, దానికి తగ్గ ప్లగ్గులు దొరుకుతాయి.

ఇక ఆ తుప్పు రాడ్లు. ఇరవై ఏళ్ళు ఎండకూ వానకూ నిలబడ్డ 16 ఎంఎం రాడ్డును వైరు బ్రష్షుతో రుద్ది కాలిపర్సుతో కొలవండి. 14 చూపిస్తే బలంలో నాలుగో వంతు పోయినట్టే, ఎందుకంటే బలం వ్యాసానికి కాదు, దాని వర్గానికి సంబంధించింది. కొత్త రాడ్డును పాతదానికి జతచేయడానికి వ్యాసానికి 50 రెట్లు, అంటే 16 ఎంఎంకు 800 ఎంఎం పక్కపక్కన ఉండాలి. వదిలేసిన ముక్క అడుగున్నరే ఉంటే చాలదు. అలాంటప్పుడు పాత పిల్లర్‌లోకి డ్రిల్లు చేసి, రంధ్రంలో దుమ్మంతా ఊదేసి, రసాయనపు జిగురుతో కొత్త రాడ్లు దింపాలి. దుమ్ము సరిగ్గా ఊదకపోతే జిగురు దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు. దిగాక ఒకటి రెండు రాడ్లను జాకీతో లాగించి చూడమనండి.

స్లాబు వేసే రోజు ప్రమాదం పైన లేదు, కింద ఉంది. ఐదంగుళాల పచ్చి కాంక్రీటు చదరపు మీటరుకు 310 కిలోలు. సెంట్రింగు కర్రల ద్వారా ఆ బరువంతా పాత డాబా మీదే పడుతుంది. డాబాను డిజైన్ చేసింది 150 కిలోలకు. అందుకని పాత స్లాబు కింద, అంటే కిరాయిదారు హాల్లోనూ పడగ్గదిలోనూ, జాకీలు నిలబెట్టాలి. కనీసం రెండు వారాలు అలా ఉంచాలి. ఇది వాళ్ళకు ముందే చెప్పి, ఆ నెల అద్దెలో సగమైనా వదులుకోవాలి. చాలామంది చెప్పరు, జాకీలూ పెట్టరు. పాత స్లాబు అడుగున సన్నని చీలికలు వస్తే సిమెంటు పూసేస్తారు.

కొత్త స్లాబు 600 చదరపు అడుగులైతే 250 ఘనపుటడుగులు, ఏడు క్యూబిక్ మీటర్లు. ఎం 20 రకం కాంక్రీటుకు క్యూబిక్ మీటరుకు ఎనిమిది బస్తాల చొప్పున 56, 57 బస్తాలు. మేస్త్రీ 45తో అయిపోయిందని గొప్ప చెప్పుకుంటే అది పొదుపు కాదు. స్లాబు కింద కర్రలు పిల్లర్ల మధ్య నాలుగున్నర మీటర్ల లోపైతే ఏడు రోజులు, బీముల కింద పద్నాలుగు రోజులు కదపొద్దు. సెంట్రింగు వాడికి సామాను వేరే సైటుకు కావాలి, ఐదో రోజే ఫోను చేస్తాడు. ఒప్పందంలో తేదీ రాయించుకోండి. నీళ్ళు కట్టడం పది రోజులకు తక్కువ కాకూడదు.

పాత డాబా మీది సున్నపు గచ్చు తీసేయకుండా కొత్త గోడలు లేపితే ఆ బరువు ఊరికే మోస్తుంటారు. తీసేస్తే మాత్రం కొత్త కప్పు పడేదాకా కింద ఇళ్ళకు వానకు రక్షణ లేదు. అందుకే పని నవంబరులో మొదలుపెట్టి ఏప్రిల్‌కల్లా కప్పు పడేలా చూసుకోండి. జూన్‌లో తీసిన గచ్చు ఇద్దరు కిరాయిదార్లను ఖాళీ చేయిస్తుంది.

మెట్ల సంగతి మర్చిపోతారు. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. మెట్టుకు ఏడంగుళాల చొప్పున 18 మెట్లు. స్థలం చాలదని 14 మెట్లతో సరిపెడితే ఒక్కోటి తొమ్మిదంగుళాలు అవుతుంది. గ్యాస్ బండ మోసే కుర్రాడు పైకి రానంటాడు, పెద్దవాళ్ళున్న కుటుంబం ఇల్లు చూసి దిగిపోతుంది. పై పోర్షన్ ఎప్పుడూ బ్యాచిలర్లకే పోతోందని వాపోయే ఓనరు ఒకసారి తన మెట్లు కొలుచుకోవాలి.

బిల్లులన్నీ దాచండి. ఆదాయ పన్నులో అద్దె మీద మరమ్మతుల కింద 30 శాతం మినహాయింపు మీరు ఖర్చుపెట్టినా పెట్టకపోయినా వస్తుంది, నిజంగా పెట్టిన ఖర్చు విడిగా చూపలేరు. కానీ కొత్త అంతస్తు, కొత్త బాత్రూం లాంటివి ఆస్తిని పెంచిన ఖర్చులు. ఇల్లు అమ్మిన రోజు కొన్న ధరకు కలుస్తాయి. మేస్త్రీకి చేతిలో నగదు పెట్టేసి తెల్ల కాగితం మీద రాసుకున్న లెక్క ఆ రోజు పనికిరాదు.

మేస్త్రీకీ ప్లంబరుకూ చివరి పదో వంతు డబ్బు మాత్రం పని అయిన రోజున ఇవ్వొద్దు. బాత్రూంలో నీళ్ళు నిలబెట్టి, డాబా మోరీలు మూసి రెండంగుళాల నీళ్ళు కట్టి, రెండు రోజుల తర్వాత కింది పోర్షన్ల కప్పులు టార్చి వేసి మూల మూలా చూడండి. పొడిగా ఉంటే ఆ సాయంత్రమే లెక్క తీర్చేయండి.